మీ అవ్వ కుట్టిన తిత్తి

బుల్గన్, ఓర్ఖోన్ ఏటి ఒడ్డు
1986 ఏప్రిల్ 12, పొద్దున్నించీ దుమ్ముగాలి

మనవరాలు నోర్జ్మాకి, నగరంలో తోళ్ల ఫ్యాక్టరీని ఒంటిచేత్తో మోస్తున్న ఇంజినీరమ్మకి, జుందుయ్ తాత రాస్తున్నది.

ఒళ్లు బాగుందా? వసంతం సుఖంగా గడుస్తోందా? అడగడం ఆచారం కాబట్టి అడిగాను. నీకు ఈనాల్సిన మేకలు లేవు, గాలికి లేచిపోయే గుడారం లేదు, నీ వసంతానికి ఏమొచ్చింది. మా మందలు ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి కానీ నిలబడే ఉన్నాయి. నేనూ అంతే.

అసలు సంగతి చెప్తాను. మన ఐరగ్ తిత్తి పోయింది. మీ అవ్వ హంద్‌జావ్ పెళ్లైన నాలుగో ఏడు కుట్టింది. నలభై నాలుగేళ్లు గుమ్మం పక్కన వేలాడింది. మొన్న ఒక పొట్టేలు లోపలికి దూరి, దాన్ని చూసి ఎవడో బలిసిన పొట్టేలు తనకి దారివ్వడం లేదనుకుందో ఏమో, కొమ్ముతో కడుపులో పొడిచింది. మాసిక వేద్దామంటే మాసిక మీద మాసిక ఉంది. అసలు తోలు ఎక్కడుందో వెతుక్కోవాలి.

జూన్ చివర గుర్రప్పాలు పితకడం మొదలు. తిత్తి లేకపోతే వాటిని ఐరగ్‌గా ఎక్కడ పులియబెట్టను, నా టోపీలోనా? ఏటి అవతల దుల్మా అల్యూమినియం క్యానులో పులియబెడుతోంది. తాగితే నాలిక మీద తాళంచెవి పెట్టుకున్నట్టుంటుంది. ఆ మాటే అంటే గరిట పట్టుకుని వెంటపడింది. డెబ్బై ఏళ్ల ముసలిది, బాగానే పరిగెత్తుతుంది.

తోలు ఉంది. చలికాలం మాంసానికి కోసిన మన వంకరకొమ్ము ఆవుది. పదకొండేళ్లు పాలిచ్చింది, చలికాలమంతా కూరైంది, ఇప్పుడు తోలు తీసుకెళ్లి కుక్కలకి వేస్తే రేపు పైకి పోయాక దానికి మొహం ఎలా చూపించను? పదును నేను చేస్తాను. కుట్టడం నావల్ల కాదు, సూది బెజ్జం ఉందని నమ్మడమే తప్ప నాకు కనపడదు. మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి రా. నీకు బద్ధకం అని తెలుసు. చిన్నప్పుడు మీ అవ్వ చిలకమని నిలబెడితే కవ్వం పట్టుకునే నిద్రపోయేదానివి. అయినా రా.

ఇంకా పళ్లు ఆరు ఉన్న
తాత


ఉలాన్‌బాతర్
ఏప్రిల్ 27

తాతా,

నా ఒళ్లు బాగుంది. నా వసంతమూ బాగుంది, ఎవరూ ఈనలేదు.

మే నెలలో రాలేను. నెలకిన్ని తోళ్లని మాకు లెక్క ఉంటుంది, మే నెలలో ఆ లెక్క తలకి మించి ఉంది. కానీ నాకొకటి చెప్పు. ఆ తోలుని మజ్జిగ తేటలో నానబెట్టి, బొచ్చు గీకి, పేడ పొగలో రోజుల తరబడి కూర్చుని దగ్గడం నీకు అవసరమా? ఆ దగ్గు గురించి పోయిన ఏడు డాక్టరు ఏమన్నాడో నువ్వు నాకు రాయలేదు, దుల్మా అవ్వ రాసింది.

మా దగ్గర క్రోమ్ ఉప్పుతో మూడు రోజుల్లో తోలు పదునవుతుంది. కుళ్లదు, నీళ్లకి చెడదు, వాసన రాదు. ఐదేళ్లు అదే చదివాను తాతా. పాత తిత్తిని కొలతకి, మీ వైపు వచ్చే యాదమ్ లారీలో పంపు. పని అయ్యాక సాయంత్రాలు కూర్చుని నా చేతులతో నేనే కుడతాను. పాలు పితికే వేళకి కొత్త తిత్తి నీ గుమ్మం పక్కన ఉంటుంది.

బద్ధకం అన్నావు కదా. చూద్దువుగాని.

నోర్జ్మా


ఏటి ఒడ్డు
మే 10, గాలి తగ్గింది, దుల్మా తగ్గలేదు

ఇంజినీరమ్మా,

పంపిస్తున్నాను. తిత్తిని ముందు సీట్లో కూర్చోబెట్టమని యాదమ్‌కి చెప్పాను. "ముందు సీట్లో మనుషుల్ని ఎక్కించుకుంటాను తాతా" అన్నాడు. "వయసులో నీకన్నా పెద్దది, నోరు మూసుకుని తలుపు తియ్యి" అన్నాను.

నువ్వు ఐదేళ్లు చదివింది మీ అవ్వ టీ మరిగే లోపు చెప్పేది. సర్లే, చదువుకున్నదానివి. నీ మూడు రోజుల తోలు ఎలా ఉంటుందో నేనూ చూస్తాను. వంకరకొమ్ము తోలు ఉప్పేసి చుట్టి పక్కన పెట్టాను. ఇన్నాళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతుంది. దానికేం తొందర, అది చచ్చింది.

ఒక్క మాట. పాత తిత్తిని కడగొద్దు. ఎందుకని అడక్కు, నాకు తెలీదు. ఒకసారి నేను ఏట్లో వేసి కడగబోతే మీ అవ్వ నన్ను కడిగిపారేసింది.

పోయిన శరత్తులో చివరి ఐరగ్ చెక్క తొట్లో గడ్డకట్టించి దాచాను కదా, తోడుకి. మీ అవ్వ పెళ్లికూతురుగా వస్తూ పుట్టింటి నించి జీనుకి కట్టుకు తెచ్చిన తోడు అది. ఏటేటా అదే. ఈసారి మొత్తం నీ తిత్తిలోనే పోస్తాను. మీ అవ్వ తోడు, నీ తిత్తి. మధ్యలో నేను కవ్వం.

తాత


ఉలాన్‌బాతర్
జూన్ 19

తాతా,

తిత్తి వస్తోంది. మూడు వారాలు కుట్టాను. వేళ్లకి తొమ్మిది పోట్లు, లెక్కపెట్టాను. పట్టుకుని చూడు ఎంత మెత్తగా ఉందో. ఫ్యాక్టరీలో మా షాప్ పెద్ద షాగ్దర్ అన్న నీళ్లు నింపి రెండు రోజులు వేలాడదీసి చూశాడు. ఒక్క చుక్క కారలేదు.

పాత తిత్తితో మాత్రం ఇక్కడ గొడవగా ఉంది. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి దాని వాసనకి ఏడ్చినంత పని చేసింది. బాల్కనీలో పెట్టాను. జూలైలో నాదమ్ పండగ లోపు తీసుకెళ్లి పారేస్తానని మాటిచ్చాను. కొలత తీసుకున్నాం కదా, ఇంక దానితో పనేముంది.

పాలు పోశాక ఎలా ఉందో రాయి. వేళాకోళం లేకుండా రాయి, ఒక్కసారికి. షాగ్దర్ అన్న కూడా అడుగుతున్నాడు.

నోర్జ్మా


ఏటి ఒడ్డు
జూలై 5, గుర్రాలన్నీ గుండ్రంగా ఉన్నాయి

నా బంగారు తల్లికి,

వేసవి సుఖంగా గడుస్తోందా? మందలు కొవ్వెక్కాయి. నేను ఎక్కలేదు.

నీ తిత్తి గురించి ఏం రాయను. కుట్టు చూస్తే చీమ కాలు కూడా దూరదు. ఒక్క చుక్క కారదు. దుల్మా వచ్చి ఒక గిన్నె తాగింది. తాగాక మాట్లాడలేకపోయింది. దుల్మా మాట్లాడలేకపోవడం ఈ లోయలో ఎవరైనా చూశారా? యాదమ్ ఒక గుక్క తాగి, "తాతా, ఇలాంటిది జన్మలో తాగలేదు" అన్నాడు. నువ్వు లోయకంతటికీ గొప్ప పని చేశావు. మీ అవ్వ ఉంటే తన సూది విరిచేసి పక్కన పెట్టేది.

ఈ వేసవిలో ఎందుకో నాకు టీ మీద మనసుపోయింది. పొద్దున టీ, మధ్యాహ్నం టీ. వయసు కాబోలు.

పాత తిత్తి పారేశావా? పారేసి ఉంటావులే. ఊరికే అడిగాను.

తాత


ఉలాన్‌బాతర్
జూలై 17

తాతా,

నీ ఉత్తరం మా షాప్‌లో అందరి ముందూ చదివాను. రెండుసార్లు. షాగ్దర్ అన్న దాన్ని తీసుకుని గోడకి అంటించాడు.

తర్వాత ఏం జరిగిందో చెప్తే నమ్మవు. నీ ఉత్తరం పట్టుకుని ఆయన పైవాళ్ల దగ్గరికి వెళ్లాడు. సహకార మందలకి రెండొందల తిత్తులు చేయాలని తేల్చారు. ఈ శరత్తులోగా అన్ని లోయలకీ వెళ్తాయి. తోళ్లు కేటాయించారు. ఆగస్టు 12న తోళ్ల కోత మొదలు. పని పెత్తనం నాది. నాది తాతా, కవ్వం పట్టుకుని నిద్రపోయిన నాది.

ఇంకోటి. తిత్తికి ఒక పేరు కావాలన్నారు. నేను చెప్పాను. ప్రతి తిత్తి అడుగున "హంద్‌జావ్" అని ముద్ర వేస్తారు.

టీ ఎక్కువ తాగకు.

నోర్జ్మా


ఏటి ఒడ్డు
జూలై 24, ఎండ

నా తల్లీ నోర్జ్మా,

కూర్చుని చదువు. కూర్చున్నావా? లేచి ఆ గోడమీది కాగితం పీకేసి మళ్లీ కూర్చో.

నేను అబద్ధం రాశాను. దుల్మా మాట్లాడలేకపోయిన మాట నిజం, నోరు కడుక్కోవడానికి ఏటి దాకా పరిగెత్తింది మరి. యాదమ్ అలాంటిది జన్మలో తాగలేదన్నదీ నిజం, ఇంకో జన్మలో కూడా వద్దన్నాడు, అది నేను రాయలేదు. కుక్కకి పోస్తే వాసన చూసి నన్ను జాలిగా చూసింది. పాలు పులవలేదు. దుల్మా క్యాను తాళంచెవి అయితే ఇది తాళంచెవుల గుత్తి. నీ తోలు ఎంత గట్టిదంటే లోపల పాలకి కూడా ప్రాణం పోసుకునే ధైర్యం లేకపోయింది.

రెండొందలు చేయకు. ఒక లోయకి ఒక ముసలాడు చాలు టీ తాగుతూ.

మీ అబద్ధాలకోరు
తాత


ఉలాన్‌బాతర్
ఆగస్టు 1

తాతా,

నీకు వేరే పనే లేదా?

ఈ ఉత్తరం కూడా షాప్‌లో చదివాను. కుక్క దగ్గరికి వచ్చేసరికి షాగ్దర్ అన్న కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మీ తాత మందలు మేపడం మానేసి రేడియోలో పని చెయ్యొచ్చు" అన్నాడు. దీన్నీ మొదటిదాని పక్కన అంటించారు.

నువ్వు దుల్మా అవ్వని పెళ్లి చేసుకున్నానని రాస్తే మా అమ్మ మూడొందల కిలోమీటర్లు లారీ మీద వచ్చింది, గుర్తుందా? నాకు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినప్పుడు "వంకరకొమ్ము భయపడి పాలివ్వడం మానేసింది" అని రాశావు, నేను రెండు రోజులు దిగులు పడ్డాను. ఈసారి పడను. పొగిడిన పాపానికి నీకు నిద్రపట్టలేదు, అందుకే వెంటనే ఆటపట్టిస్తున్నావు. నాకు తెలీదా నీ సంగతి?

12న కోత. ముద్రలు కూడా వచ్చేశాయి. చాలా అందంగా ఉంది అవ్వ పేరు.

నోర్జ్మా


ఆగస్టు 6

నోర్జ్మా,

నీ తిత్తిలో ఐరగ్ పులవలేదు. మూడో రోజు చేదెక్కింది. ఐదో రోజు పారబోశాను. మీ అవ్వ తోడు అంతా అందులోనే పోసి ఉన్నాను. అది చచ్చిపోయింది. ఒక గిన్నె పక్కన దాచుకోవాల్సింది. దాచలేదు, అది నా తప్పు.

నువ్వు వేళ్లు పొడుచుకుని కుట్టావు. నీ మనసు కష్టపడుతుందని అబద్ధం రాశాను. తర్వాత నిజం రాయాల్సిన చోట కూడా నవ్వించాలని చూశాను. అదీ నా తప్పే.

పోయిన వారం దుల్మా దగ్గర తోడు అడిగి తెచ్చి, నీ తిత్తిలోనే కొత్త పాలతో ఇంకోసారి చూశాను. అదీ చెడింది. ఒక సీసా యాదమ్‌తో పంపుతున్నాను. తాగి చూడు.

వాటి మీద మీ అవ్వ పేరు వేయొద్దు.

జుందుయ్

అమ్మాయ్, నేను దుల్మాని. ఈ రెండు ముక్కలు నావి. నలభై ఏళ్లలో ఈ ముసలాడు నా గుడారానికి వచ్చి నన్ను ఏడిపించకుండా వెళ్లింది ఆ తోడు కోసం వచ్చిన రోజే. వస్తున్నాడని గరిట కూడా తీసి పెట్టుకున్నాను, పనిపడలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని, ఇచ్చింది తీసుకుని వెళ్లాడు. అతను రాసింది నిజమే.


ఉలాన్‌బాతర్
ఆగస్టు 14

తాతా,

నువ్వు ఒళ్లు బాగుందా అని అడగలేదు, ఒక్క ఎగతాళి చేయలేదు, కింద తాత అని కూడా రాయలేదు. సీసా మూత తీయకముందే నమ్మాను.

తీశాక తాగాను కూడా. షాగ్దర్ అన్న దగ్గరికి తీసుకెళ్లి ఒక గిన్నె పోశాను. ఆయన నవ్వుతూ అందుకుని, ఒక గుక్క మింగి, గిన్నె దూరంగా జరిపాడు. "ఎవరైనా టీ ఉంటే ఇవ్వండి" అన్నాడు. ఇద్దరం కలిసి పైకి వెళ్లాం. కోత ఆగిపోయింది. నాకు పెత్తనం పోయింది. సంజాయిషీ రాయమన్నారు, రాశాను. నీళ్లు పోసి చూసి సరిపోయిందనుకున్నాం, పాలు పోసి చూడలేదు అని. నీళ్లకి ప్రాణం లేదు కదా తాతా, చెడడానికి. తోలుని కుళ్లనివ్వని క్రోమ్ తోడునీ బతకనివ్వదు. ఐదేళ్ల చదువులో ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు.

ఆ తోళ్లు బూట్లకి వెళ్తున్నాయి. అది మంచిదే. బురదలో, మంచులో నడవడానికి ఆ తోలుకి సాటి లేదు, ఆ విషయంలో మాత్రం నీ ఎగతాళి ఒప్పుకోను. కానీ బూటు ఏదీ తాగదు. తిత్తి తాగుతుంది. ఒక్కరాత్రి ఏడ్చాను, ముద్రల మీద అవ్వ పేరు చూసి. ఆ ముద్రలు నా దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు ఇది విను. పాత తిత్తి పారేస్తానని రాశాను కదా. పారేయలేదు. మూడంతస్తులు దిగి చెత్తకుండీ దాకా మోయాలి, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ ఉండిపోయాను. నాదమ్ అయిపోయింది, అది బాల్కనీలోనే ఉంది. కడగలేదు కూడా. నువ్వు చెప్పావని కాదు, బద్ధకించి.

నీ ఉత్తరం వచ్చిన రాత్రి వాన పడింది. తెల్లారి బాల్కనీ తలుపు తీస్తే అవ్వ గుడారం వాసన. తడిసి ఉబ్బింది తిత్తి. మెడ దగ్గర రెండు మడతలు కలిపి కుట్టిన చోట, లోపలి వైపు, పాత ఐరగ్ తెల్లగా పేరుకుని ఉంది. అక్కడ వేలెడంత ముక్క కోశాను. నాతో పనిచేసే ఆమె అన్న ఊరి చివర గుర్రాలు పితుకుతాడు, వాళ్ల దగ్గర పాలు తెచ్చి చెక్క బానలో పోసి ఆ ముక్క వేశాను. తీరిక దొరికినప్పుడల్లా చిలికాను. నిద్రపోలేదు.

మూడో రోజు బుడగలొచ్చాయి.

నాలుగో రోజు, వాసనకి ఏడ్చిన అమ్మాయి రెండు గిన్నెలు తాగి మూడోది అడిగింది. నేను ఒక్క గుక్క తాగి ఆపేశాను, ఎందుకంటే అది అచ్చం అదే తాతా. నీ ముందు తాగుదామని.

తోలు నానబెట్టు. ఉత్తరం అందగానే. 22న యాదమ్ లారీలో వస్తున్నాను, మూడు వారాలు సెలవు. ముందు సీట్లో అవ్వ తిత్తి, బాన. నేను వెనక ఉన్ని మూటల మీద. ఎన్ని రోజులు నానాలో, ఎంత పొగ పెట్టాలో నాకు రాయకు, రాస్తే మళ్లీ ఏదో ఒకటి కలుపుతావు. నీ పక్కన నిలబడి చూస్తాను.

ఒళ్లు బాగుందా తాతా?

నోర్జ్మా


ఏటి ఒడ్డు
సెప్టెంబరు 24, తెల్లారి గడ్డి మీద మంచు

మా ఇంజినీరమ్మకి, జుందుయ్ తాత.

ఒళ్లు బాగుంది. శరత్తు సుఖంగా ఉంది. మందలు కొవ్వెక్కాయి, నేనూ కాస్త ఎక్కాను. టీ మానేశాను.

నువ్వు వెళ్లాక ఇల్లు బోసిపోయిందని రాయను, ఇంకా పొగ వాసనతో నిండే ఉంది. ఎనిమిది రోజులు పొగలో నువ్వు దగ్గిన దగ్గుకి దుల్మా కుక్క ఇప్పటికీ ఇటు రావడం లేదు. డాక్టరుకి చెప్పకు, నన్ను పొగ దగ్గరికి రానివ్వలేదని మాత్రం చెప్పు, సంతోషిస్తాడు.

వంకరకొమ్ము తిత్తై గుమ్మం పక్కన వేలాడుతోంది. గుడారంలోకి ఎవరొచ్చినా కూర్చునే ముందు వంద సార్లు చిలకాలని పెట్టాను. సహకార సంఘం అధ్యక్షుడు వచ్చి నలభై దగ్గర ఆపి, మాట్లాడే పని ఉందన్నాడు. మిగతా అరవై అయ్యాక మాట్లాడదాం అన్నాను. దుల్మా మూడొందలు చిలికింది, ఊరికే, నాకు చెప్పుకోవడానికి. తర్వాత ఒక గిన్నె తోడు ఇమ్మంది. ఇచ్చాను. ఆ క్యానులో ఇప్పుడు ఎండు పేడ పోసి పెట్టింది, పొయ్యిలోకి. చలికాలం ఎద్దుని కోస్తారట, తోలు ఉంచుతుందట. "నీ మనవరాలు వస్తుందా?" అని అడిగింది. బూట్ల పనిలో తీరిక ఉండదని చెప్పాను. "అయితే సూది నువ్వే పట్టు" అంది. నువ్వు రా.

ఇప్పుడు అసలు సంగతి. ఇది షాప్‌లో చదివి ఆ రెండు ఉత్తరాల పక్కన అంటించు. వేళాకోళం లేదు, దుల్మాని సాక్షి సంతకం అడగొచ్చు.

నీ కుట్టు వంకర. తిత్తి కారుతోంది. రెండు చోట్ల. ఒకటి ఎడమ భుజం మీద, ఒకటి అడుగున, ఆ రోజు నువ్వు సూది పట్టుకునే కునికిపాట్లు పడ్డ చోట. కింద గిన్నె పెట్టాను.

మీ అవ్వ కుట్టిన మొదటి తిత్తి మూడు చోట్ల కారేది. ఒక్క చుక్క కారదని నేను రోజూ చెప్పేవాణ్ని. నాలుగో ఏడు ఇంకోటి ఎందుకు కుట్టిందనుకున్నావు? అప్పుడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. కారుతున్నందుకు కాదు, చెప్పనందుకు. ఆ బుద్ధి అప్పుడే రావాల్సింది, నాకు నలభై నాలుగేళ్లు పట్టింది, నీకు రెండొందల తిత్తుల పేరు పోయింది.

ఐరగ్ మాత్రం మీ అవ్వదే.

గిన్నె నిండినట్టుంది. పారబోయలేను కదా, లేచి తాగాలి.

తాత